నాగోల్‌లో ముప్పావు గంట

పొద్దున్న ఆరున్నరకల్లా జ్యోతిక రెండు డబ్బాలూ సర్దేసింది. ఒకదాంట్లో మధ్యాహ్నానికి అన్నం, బెండకాయ వేపుడు. రెండోదాంట్లో సాయంత్రం దారిలో తినడానికి అటుకుల ఉప్మా.

"ఆకలితోటి గంతసేపు నిలబడి రావద్దు. సీటు దొరక్కపోతే తర్వాతి ట్రైన్ ఎక్కు," అంది, కూతురు తన్మయికి జడ వేస్తూనే.

సాయినాథ్ భార్య మొహం చూడకుండా తలూపి, డబ్బాలు బ్యాగులో పెట్టుకున్నాడు.

ఎల్బీనగర్ నుంచి రాయదుర్గం దాకా మెట్రో, అక్కణ్ణుంచి ఆటో. ఆఫీసుకి వెళ్లడానికి రెండు గంటలు, రావడానికి రెండు గంటలు. నాలుగేళ్లు అలాగే తిరిగాడు. మూడు నెలల కిందట అతని విభాగాన్ని ఉప్పల్‌కి మార్చారు. ఇప్పుడు ప్రయాణం అరగంట. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. ఎప్పటి టైముకే బయల్దేరి, ఎప్పటి టైముకే ఇంటికొస్తున్నాడు.

మొదటిరోజు చెబుదామనే అనుకున్నాడు. ఆ సాయంత్రం నాగోల్ మెట్రో స్టేషన్ కింద టీ తాగుతూ కూర్చుంటే ఎంత హాయిగా అనిపించిందో! రేపు చెబుదాంలే అనుకున్నాడు. ఆ రేపు రాలేదు.

జ్యోతిక మాత్రం దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో పని ముగించుకుని, బస్సులో నిలబడి వచ్చి, పిల్ల హోంవర్కు, అత్త అండాలమ్మ మోకాళ్లకు కాపడం, వంట అన్నీ చూసుకునేది. "పాపం, మనిషి దారిలోనే సగమైతున్నడు," అని ఆమె అత్తతో అనడం అతను రెండుసార్లు విన్నాడు.

ఆ గురువారం ఆరింటికి అతని ఫోన్ మోగింది.

"సాయీ, అత్తమ్మ బాత్రూంల జారి పడ్డది. కాలు కదిలిస్తలేదు. యాడున్నవ్?"

చేతిలో టీ గ్లాసు. ఇల్లు ఆటోలో పది నిమిషాలు. కానీ నోరు అలవాటైన మాటే పలికింది.

"అమీర్‌పేటల. ఇప్పుడే ట్రైన్ మారిన."

"సరె, పరేషాన్ కాకు. నేను దవాఖానకు తీస్కపోత."

అతను ఆదరాబాదరా లేచి ఆటో ఆపాడు. ఇంత తొందరగా ఎట్లొచ్చినవంటే ఏం చెప్పాలి? ఆటోను పంపేసి మళ్లీ అదే బెంచీ మీద కూర్చున్నాడు. కన్నతల్లి కాలు విరిగి పడుంటే, అబద్ధం నిలబెట్టుకోవడానికి ముప్పావు గంట టైము చూసుకుంటూ గడిపాడు.

దవాఖానకి చేరేసరికి అండాలమ్మను ఎక్స్‌రేకి తీసుకెళ్లారు. వరండాలో తన్మయిని ఒళ్లో కూర్చోబెట్టుకుని పక్కింటి సూర్యప్రభ ఉంది.

"మీరు ఉండుంటే బాగుండేది బాబూ. లిఫ్టు లేదు కదా, మూడంతస్తులూ ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి మేమిద్దరమే దించాం. మధ్యలో జ్యోతికకి నడుం పట్టేసింది. అయినా కుర్చీ వదల్లేదు."

గోడకు ఆనుకుని నిలబడ్డ జ్యోతిక, అతన్ని చూడగానే ఖాళీ కుర్చీ చూపించింది. "నిలబడే వచ్చినవా? జర కూసో. నీళ్లు తాగు."

తిట్టినా తట్టుకునేవాడు.

"నేను అమీర్‌పేటల లేను జ్యోతీ. నాగోల్‌ల ఉన్న. మూడు నెల్ల సంది ఆఫీసు ఉప్పల్‌లనే."

జ్యోతిక గోడను వదిలి అతని ముందుకొచ్చింది. "అంటే, నేను ఫోన్ జేసినప్పుడు... ఇంత దగ్గరుండి రాలేదా?"

"రాలే."

సూర్యప్రభ పిల్లను తీసుకుని నెమ్మదిగా బయటికి నడిచింది.

"ఓ గంట బయట కూసోని వస్త అంటె వద్దంటుంటినా? నీకు ఏడింటి ట్రైన్ అందాలని నేను నాలుగున్నరకు లేస్తున్న. ఇంకో గంట పండుకో అని ఒక్కనాడన్న అనాలనిపియ్యలేదా? నేను గూడ అలసిపోతున్న సాయీ."

ఇన్నాళ్లూ తను దొంగిలించింది ఆమె నిద్రనని అతనికి అప్పుడు తెలిసింది.

ఎక్స్‌రే గది తలుపు తెరుచుకుంది. స్ట్రెచర్ మీదినుంచే అండాలమ్మ చెయ్యి చాపింది. "వచ్చినవా బిడ్డా? గంత దూరంకెళ్లి ఉరికొచ్చినవా?"

జ్యోతిక అతనివైపే చూస్తోంది. సాయినాథ్ తల్లి చెయ్యి పట్టుకుని అక్కడే, నర్సుల ముందే, అంతా చెప్పేశాడు.

ముసలామె చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "నన్ను మోసింది గామె. ముందుగాల గామె నడుముకు మందు రాయించు, పో."

తల్లి కాలికి కట్టు కట్టి ఇంటికి పంపారు. మర్నాటి నుంచి సాయినాథ్ ఆరింటికల్లా ఇంట్లో ఉంటున్నాడు. తల్లికి బెడ్‌పాన్ పెట్టడం, తన్మయి లెక్కలు, రాత్రి వంట అతనివి. జ్యోతిక అవసరానికి మించి మాట్లాడలేదు. మాట్లాడమని అడిగే మొహం అతనికీ లేదు.

మూడు వారాల తర్వాత ఒక సాయంత్రం ఆమె ఫోన్ చేసింది. "దారిల చైతన్యపురిల బస్సు దిగిన. జర లేటైతది."

ఎందుకని అడగబోయి ఆపుకున్నాడు. "నిమ్మళంగ రా. అన్నమైంది."

ఎనిమిదింటికి వచ్చి, చెప్పులు విడిచి గడపలోనే కూర్చుండిపోయింది.

"బస్టాపుల గంటసేపు కూసున్న సాయీ. యాడికి పోవాల్నో తెల్వలే. ఖాళీగ ఉంటె ఏం జెయ్యాల్నో మర్చిపోయిన," అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది.

సాయినాథ్ వచ్చి ఆమె పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"రేపు మల్ల పో," అన్నాడు. "అలవాటైతది."