పాత కొలత

డిటెక్టివ్ అప్పాజీ ఆఫీసు రాజమండ్రిలో గోకవరం బస్టాండు దగ్గర, ఒక బట్టల కొట్టు మీద ఉండేది. ఆ మధ్యాహ్నం మెట్లెక్కి వచ్చిన యాభయ్యేళ్ళావిడ కుర్చీ చూపించినా కూర్చోలేదు. తన వెనకాల ఎవరైనా వచ్చారేమోనని ముందు మెట్లవైపు చూసుకుంది. అసిస్టెంటు దుర్గాసాయి మంచినీళ్ళిస్తే గ్లాసు పళ్ళకి తగిలి టకటకలాడింది. భయపడి వచ్చినవాళ్ళని అతను చాలామందిని చూశాడు గానీ, తన చేతులు తనే చూసుకుని భయపడే మనిషిని చూడటం అదే మొదలు.

"నా పేరు సంపూర్ణమ్మండి. భీమవరం పక్కన పల్లెటూరు. మైలలో ఉన్నదాన్ని, గడప దాటకూడదు. అయినా దొంగలా బస్సెక్కి వచ్చేశాను. మా ఆయన పెద్దిరాజు గారిని నేనే మందు పెట్టి చంపేశానంటున్నారు. రేపు పొద్దున్నే ఎస్సై గారొచ్చి నన్ను తీసుకుపోతారంట."

"మీరు చంపారాండీ?" అని అడిగేశాడు అప్పాజీ. దుర్గాసాయి తలెత్తి చూశాడు. మా గురువుగారికి మొహమాటమన్నది పుట్టుకలోనే లేదని అతను చాలాసార్లు అనుకున్నాడు.

"అదే తెలియక మీ దగ్గరికి వచ్చానండి," అందావిడ. అప్పుడు గానీ కుర్చీలో కూలబడలేదు.

పెద్దిరాజుకి రొయ్యల చెరువులున్నాయి. ఎప్పుడో గట్టు మీంచి పడి నడుం విరిగింది. ఎవరో నల్లమందు అలవాటు చేశారు. అన్నకి తోడుగా తమ్ముడు సత్తిరాజూ మరిగాడు.

"మొదట్లో మినపగింజంత వేస్తే తెల్లారేదాకా హాయిగా పడుకునేవారండి. పోనుపోనూ అది ఆనలేదు. పెంచుకుంటూ పెంచుకుంటూ రేగిగింజంత అయింది. అంత తిన్నా లేచి తిరిగేవారు. మొన్న కార్తీకంలో అన్నదమ్ములిద్దరూ అయ్యప్ప మాల వేసుకుని మందు మానేశారు. మొదటి రోజులు నరకమేనండి. వణుకు, వాంతులు, ముక్కులోంచి కారే నీళ్ళు. స్వామి పరీక్ష పెడుతున్నాడనుకున్నాం. డాక్టరుకి కూడా చూపించారు."

"తర్వాత?"

"మనిషి మారిపోయారండి. అంతవరకు మరిది చూసిన చెరువుల లెక్కలు తనే అడగడం మొదలెట్టారు. కొండకి వెళ్ళొచ్చి మాల తీసినరోజు నడుం నొప్పి మళ్ళీ ఎత్తుకుంది. ఏడ్చేశారు. మా మరిది, పాత కొలతే ఇవ్వండి వదినా, తగ్గిస్తే ఆనదు అన్నారు. ఇచ్చాను. మరిదికీ అంతే ఇచ్చాను. ఆయన ఆవగింజంత గిల్లుకుని మిగతాది డబ్బాలో పెట్టేశారు. మా ఆయన మళ్ళీ లేవలేదు. ఇప్పుడు మరిది, వదిన మామూలు కంటే ఎక్కువ పెట్టిందని ఎస్సై గారికి చెప్పారు."

అప్పాజీ మరో మాట అడగకుండా చెప్పులు వేసుకున్నాడు. భీమవరం బస్సులో ఆవిడ ముందు సీట్లో ముసుగు కప్పుకుని కూర్చుంది. వెనక సీట్లో దుర్గాసాయి తన బుర్రకి పదును పెట్టాడు.

"డబ్బాలో ఎవరో విషం కలిపారండీ. తేలిపోయింది."

"ఆ డబ్బాలోదే ఇద్దరూ తిన్నారోయ్. ఒకాయన బతికే ఉన్నాడు."

దుర్గాసాయి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

ఊళ్ళో ఆవిడ నడుస్తుంటే ఒక్కొక్క ఇంటి తలుపూ మూసుకుంది. ఒకావిడ వాకిట్లో ఆడుకుంటున్న పిల్లని రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మనిషిని చంపడానికి కత్తులే అక్కర్లేదని దుర్గాసాయికి ఆ వీధిలో అర్థమైంది. అతనికి నిజంగా భయం వేసింది.

వంటమనిషి అచ్చాయమ్మని అప్పాజీ పెరట్లో పలకరించాడు.

"ఆ రోజు అయ్యగారికిచ్చిన మందు ఉండ ఎంత ఉందమ్మా?"

"ఎప్పుడూ ఉండేదంతేనండి. నా ఎదురుగానే చేశారు. ఈ అమ్మగారు చీమని కూడా చంపరండి బాబూ."

సత్తిరాజు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ మాట స్థిమితంగా ఉంది.

"మీరూ అదే తిన్నారటగా?"

"ఏదో కొంచెం నలకండి. కొండ దిగొచ్చాక మనసు ఆగలేదు."

"దీక్షలో ఒంట్లో బాగోలేనప్పుడు ఎవరికి చూపించారు?"

"టౌన్లో సామ్యేలు డాక్టరు గారికండి. అన్నయ్యకి సెలైన్ కూడా పెట్టారు. ఎందుకండీ?"

"ఊరికే," అని అప్పాజీ లేచాడు. ఆ సాయంత్రం డాక్టరుని కలిసి వచ్చాక ఆయన మొహంలో నవ్వు లేదు.

మర్నాడు ఎస్సై రమేష్ బాబు జీపు దిగేసరికి అరుగు మీద అందరూ ఉన్నారు. సత్తిరాజు, అచ్చాయమ్మ, డాక్టరు సామ్యేలు, తలుపు చాటున సంపూర్ణమ్మ.

"పోస్టుమార్టంలో నల్లమందు తప్ప ఏమీ లేదు. ఇచ్చింది ఆవిడ," అన్నాడు ఎస్సై.

"నిజమేనండి. ఇచ్చింది పాత కొలతే. చంపిందీ అదే," అన్నాడు అప్పాజీ.

ఎస్సై తలుపువైపు ఒక అడుగు వేశాడు. అప్పాజీ చెయ్యి అడ్డం పెట్టాడు.

"రోజూ తింటే ఒళ్ళు ఆ మందుకి అలవాటు పడిపోతుందండి. నిన్నటిది ఇవాళ ఆనదు. పెంచుకుంటూ పోతారు. కొత్తవాడి ప్రాణం తీసేంత మందు పెద్దిరాజు గారికి నిద్ర మాత్రమే పట్టించేది. మానేస్తే ఆ అలవాటు పోతుంది. దీక్ష అయ్యేసరికి ఆయన ఒళ్ళు కొత్తవాడి ఒళ్ళయింది. ఇంట్లోవాళ్ళకి మాత్రం పాత కొలతే గుర్తుంది. అది లోపలికి పోయింది. నిద్రలోనే ఊపిరి నెమ్మదించి, నెమ్మదించి ఆగిపోయింది."

తలుపు చాటునుంచి సన్నగా ఏడుపు వినిపించింది.

"అయితే పొరపాటున జరిగిందన్నమాట," అన్నాడు ఎస్సై.

"ఆవిడది పొరపాటు. సత్తిరాజు గారూ, మీరు కూడా దీక్షలో మానేశారు. ఆశపడి మళ్ళీ చెయ్యి చాపారు. మరి మీకు ఆవగింజంత చాలని, అన్నకి రేగిగింజంత కావాలని ఎలా తెలిసిందండీ?"

సత్తిరాజు నాలికతో పెదాలు తడుపుకున్నాడు. "నాకేం తెలుసండీ? మామూలు కొలత ఇమ్మన్నాను. ఆవిడ ఎక్కువ ఇచ్చింది."

"వంటమనిషి ఎదురుగా ఉంది. ఎక్కువ ఇవ్వలేదు. డాక్టరు గారూ, మీరు చెప్పండి."

సామ్యేలు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పెద్దిరాజు గారు సెలైన్ మీద మగతగా ఉన్నారండి. అందుకని తమ్ముడికే చెప్పాను. మళ్ళీ ఎప్పుడైనా మందు జోలికి వెళితే పాత మోతాదు ముట్టనివ్వొద్దు, ప్రాణం పోతుంది, ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పమన్నాను. మీకూ అంతేనయ్యా అని రెండోసారి కూడా చెప్పాను."

"మీరు ఇంట్లో ఆ మాట చెప్పలేదు సత్తిరాజు గారూ," అన్నాడు అప్పాజీ. "అన్న మత్తులో జోగినన్నాళ్ళూ చెరువులు మీవి. దీక్షలో ఆయనకి కళ్ళు తెరుచుకున్నాయి, లెక్కలు అడిగారు. విషం కొనక్కర్లేదు, కలపక్కర్లేదు. వదినకి ఒక్క మాట చెప్పకుండా ఉంటే చాలు. ఆ మాట దాచడమే కాదు, పాత కొలతే ఇమ్మని చెప్పారు."

సత్తిరాజు లేచి నిలబడబోయి కూర్చుండిపోయాడు. "మళ్ళీ మత్తులో పడితే చాలనుకున్నాను," అన్నాడు చివరికి. ఆ మాట అక్కడ ఎవరూ నమ్మలేదు. ఎస్సై అతని భుజం మీద చెయ్యి వేశాడు.

జీపు వెళ్ళిపోయాక సంపూర్ణమ్మ అరుగు మీదికి వచ్చింది. దుర్గాసాయి ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటున్నాడు. ఆవిడ అతన్ని చూడటం లేదు.

"డాక్టరు గారూ, ఎవరు మానేసినా అంతేనాండీ?"

"అంతేనమ్మా."

"వెనక వీధి బుల్లియ్య గారూ వీళ్ళతోపాటే మందు మానేశారండి. ఆయన కొండకి ఆలస్యంగా వెళ్ళారు, ఇవాళే మాల తీస్తున్నారు. వాళ్ళావిడ డబ్బా దాచి ఉంచింది, పాపం ఆయన అడిగితే ఇవ్వడానికి."

"నేను వెళ్ళి చెప్తానండీ, ఇల్లెక్కడ?" అన్నాడు దుర్గాసాయి.

"మీరు చెప్తే వింటుందా బాబూ? ఇచ్చినదాన్ని నేను చెప్తే వింటుంది," అని సంపూర్ణమ్మ చెప్పుల్లేకుండానే వీధిలోకి దిగి, మూసిన తలుపుల ముందునుంచి గబగబా నడిచింది.