పచ్చ సిపాయి

"రెండేండ్లకు తొవ్వ దొరికిందా?" గేటు తీయకుండానే అడిగింది వందన.

దేవేందర్ గేటు బయటే నిలబడ్డాడు. చంకలో ప్లాస్టిక్ కవరు చుట్టిన కాన్వాసు ఉంది, నెత్తి మీద ఎల్లారెడ్డి ఊరి వాన ఉంది. కామారెడ్డిలో బస్సెక్కినప్పటి నుంచి బట్టీ పట్టుకొచ్చిన నాలుగు మాటలూ ఎటో కొట్టుకుపోయాయి.

"సిపాయి పోయిండని స్టేటస్‌ల చూసిన" అన్నాడు చివరికి.

"పోయి నెలయింది."

"ఎర్కనే. గిది తయారు చేసెటాలకు నెల పట్టింది."

"లోపల్కి రానియ్యే! పిలగాడు తడుస్తుండు!" అరుగు మీద నుంచి వందన నానమ్మ భూదవ్వ కేకేసింది. గేటు తెరుచుకుంది. వందన మొహం మాత్రం ముడుచుకునే ఉంది.

సిపాయి అంటే కుక్క. ఊరందరికీ మామూలు వీధికుక్కే, వీళ్ళిద్దరికీ కాదు. ఆరేళ్ళ కిందట, డిగ్రీ చదివే రోజుల్లో, కామారెడ్డి బస్టాండులో బెంచీ కింద చిన్న కూనగా వణుకుతూ దొరికింది. దేవేందర్ బయటికి తీస్తే వందన తన బ్యాగులో పెట్టుకుని ఎల్లారెడ్డి బస్సెక్కింది.

"బ్యాగు మొరుగుతుందేందమ్మా?" అన్నాడు కండక్టరు.

"ప్రాక్టికల్స్ ఉన్నయి సార్" అంది వందన, మొహంలో నవ్వన్నది లేకుండా.

కామారెడ్డిలో ఇల్లుండీ పనేమీ లేకుండా అదే బస్సెక్కిన దేవేందర్, నవ్వు ఆపుకోలేక తల కిటికీలోంచి బయట పెట్టేశాడు. ఆ నవ్వుతోనే మొదలైంది అంతా. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒక బన్ను పొట్లం, ఒక బస్సు టికెట్. వందన కన్నా ముందు సిపాయే ఎల్లారెడ్డి బస్టాండుకొచ్చి తోక ఊపేది. ఎంత మంచి రోజులవి!

"రైలు నడిపే నౌకరి తెచ్చుకోమను, పిల్లనిస్త" అన్నాడు వందన తండ్రి పర్శరాములు. దేవేందర్ పట్టుపట్టి చదివాడు, రాత పరీక్ష పాసయ్యాడు. తీరా పాసయ్యాక, "నాకా నౌకరి ఇష్టం లేదు" అని ఫోన్లో ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాడు. తనే ఇష్టం లేదన్నాడని వందన అనుకుంది. ఏ పిల్లయినా అట్లాగే అనుకుంటుంది మరి!

అసలు సంగతి వేరు. మెడికల్ పరీక్షలో రంగురంగుల చుక్కల మధ్య ఏ అంకె ఉందో చెప్పమన్నారు. దేవేందర్‌కు చుక్కలే కనబడ్డాయి, అంకె కనబడలేదు. అతని కళ్ళకు మట్టిరంగూ ఆకుపచ్చా ఒక్కటే. చిన్నప్పటి నుంచీ ఎట్లాగో నెట్టుకొచ్చాడు. ఆ రోజు నౌకరీ పోయింది, పరువూ పోయినట్టనిపించింది. సిగ్గుతో కన్నతల్లికి కూడా చెప్పలేదు. కామారెడ్డి బస్టాండు ఎదురుగా జిరాక్స్ సెంటర్ పెట్టుకుని నోరు కుట్టేసుకున్నాడు. ఆ నోరు కుట్టుకోవడమే కొంప ముంచింది.

సిపాయి పోయిందని తెలిసిన రోజు ఫోనంతా గాలించాడు. ఫోన్లో దాని ఫొటో ఒకటి మిగిలింది. ఫొటో పంపితే దాన్నే గీతలుగా, గడులుగా కాన్వాసు మీద అచ్చేసి, ప్రతి గడిలో ఒక అంకె వేసి, రంగుల డబ్బీలతో సహా పంపుతారని ఎవరో చెప్పారు. ఏడో నంబరు గడిలో ఏడో నంబరు డబ్బీ. రంగు తెలియాల్సిన పనే లేదు! దేవేందర్‌కు ప్రాణం లేచొచ్చింది.

గిరాకీ లేని మధ్యాహ్నాలు మిషను వెనక కూర్చుని వేశాడు. చెవి వేస్తుంటే, బస్సు హారనుకు ఆ చెవి ఎట్లా నిక్కేదో గుర్తొచ్చేది. పంజా వేస్తుంటే దాని మట్టి అడుగులు పడ్డ తన తెల్ల ప్యాంటు గుర్తొచ్చేది. "చెప్పకుండనే పోయినవ్ గదరా" అని బొమ్మతో అంటూ కళ్ళు తుడుచుకునేవాడు.

ఇప్పుడు అరుగు మీద వందన కవరు విప్పింది.

"ఓ పోరీ!" భూదవ్వ బుగ్గన వేలేసుకుంది. "గీ కుక్కకేమొచ్చిందే? చిల్క తీరు పచ్చగున్నది!"

నిజమే. మట్టిరంగు గడ్డి మీద, ఆకుపచ్చని సిపాయి దర్జాగా కూర్చుని ఉంది. వందన పెదవి బిగబట్టింది, కొంగు నోట్లో కుక్కుకుంది, ఇక ఆగలేక పకపకా నవ్వేసింది. నెల రోజుల్లో ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు.

దేవేందర్ మాత్రం బొమ్మకేసి, ఆమెకేసి మార్చిమార్చి చూస్తున్నాడు. "ఏమైంది? మంచిగ రాలేదా?"

వందన నవ్వు ఆగింది. "సిపాయి ఏం రంగుండె?"

"మట్టి రంగు."

"మరి గిదేం రంగు?"

దేవేందర్‌కు మూతలు గుర్తొచ్చాయి. నంబర్లుండేవి డబ్బీల మూతల మీద. ఆధార్ జిరాక్స్ కోసం ఎవరో తొందర పెట్టిన రోజు, మూతలు గబగబా పెట్టేసి లేచాడు. "మూతలు తారుమారైనట్టున్నయి" అని గొణిగాడు.

"మూతల సంగతి ఇడువు. నెల దినాలు ఏసినవ్. కండ్లకు కనవడలేదా?"

ఇక దాచేందుకేముంది? "కనవడలే వందనా. నాకు గా రెండు రంగులు ఒక్కతీరే కనవడ్తయి. రైల్వేల గందుకే తీస్కోలే. నేనిడిచిపెట్టలే, వాండ్లే వద్దన్నరు."

వందన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రెండేండ్లు!" అంది. "నన్నే వద్దన్నవనుకుని రెండేండ్లు ఏడ్సిన. గీ ఒక్క ముచ్చట చెప్తే నీ సొమ్మేం పోతుండె?"

"కండ్లల్ల ఐబున్నోనికి పిల్లనెవరిస్తరని..."

"ఐబు కండ్లల్ల లేదు, నీ బుర్రల ఉన్నది. సిపాయి పోయిన్నాడు ఎవర్ని పట్టుకుని ఏడ్వాల్నో తెల్వలే నాకు. నీకెన్నిసార్లు ఫోన్ చేద్దామనుకున్ననో ఎర్కనా?"

"ఇంక ఏం దాయ. ఒట్టు."

అప్పుడే పొలం నుంచి పర్శరాములు వచ్చాడు. గొడుగు మడిచి, గోడకు ఆనించిన బొమ్మ ముందు ఆగిపోయాడు.

"గీ పచ్చకుక్కను ఎవడేసిండే?"

దేవేందర్ లేచి నిలబడ్డాడు. వందన కళ్ళు తుడుచుకుని తండ్రికి ఎదురుగా నిలబడింది.

"నేను చేసుకునేటోడు బాపు."

అంతా చెప్పేసింది. రంగుల సంగతి, సిగ్గు సంగతి, మూతల సంగతి. పర్శరాములు చివరి దాకా విన్నాడు. వంగి బొమ్మను మళ్ళీ చూశాడు, తడి చెయ్యి లుంగీకి తుడుచుకుని కుక్క తల మీద వేలితో నిమిరాడు.

"రైలు నౌకరి పోతే పోనియ్యి. కూసో పిలగా, బువ్వ తిని పో" అన్నాడు దేవేందర్‌తో. "వచ్చే ఆదివారం ఒక్కనివి రాకు. మీ అమ్మానాయినల తోల్కరా."