ఇసుక కింద కూత

ఊళ్ళో అందరూ ఆమెను వైండింగమ్మ అనేవాళ్ళు. కాలిపోయిన మోటారు ఏదైనా ఆమె బల్ల మీదకు వస్తే పాత తీగ పీకి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి, మళ్ళీ గిర్రున తిరిగేలా చేసి పంపేది. "నీ చేతికి దొరికితే గాలిని కూడా చుట్టేస్తావే" అని మొగుడు ఏడిపించేవాడు.

అతను పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. వానలు మొదలైన కొత్తలో, ఏరు సముద్రంలో కలిసే చోట, అతనెక్కిన పడవ తిరగబడింది. మిగతావాళ్ళు ఈదుకుంటూ ఒడ్డున పడ్డారు. అతను రాలేదు. వెతికినవాళ్ళు కొన్నాళ్ళు వెతికి చేతులెత్తేశారు. అప్పటినుంచి ఆమె కాలుగాలిన పిల్లే. కూర్చుంటే లేచేది, లేస్తే వాకిలి దాకా వెళ్ళి తిరిగొచ్చేది. మోటారు విప్పి, సగంలో వదిలేసి, ఇంకోటి విప్పేది. కళ్ళతో చూడందే నా కొడుకు పోయాడని ఎవరూ నోరెత్తకూడదని అత్తగారు తేల్చి చెప్పింది. దాంతో ఆ ఇంట్లో ఏడవడానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు.

ఆమెకు మిగిలిన ఆశ ఒక్కటే. ఎప్పుడో నిచ్చెన మీంచి పడ్డప్పుడు మొగుడి తొడలో స్టీలు రాడ్డు వేశారు. మరిది దగ్గర మెటల్ డిటెక్టర్ ఉంది. ఒడ్డున జనం పారేసుకున్న ఉంగరాలు, తాళాలు వెతికిపెట్టడమే అతని పని. ఒకసారి సరదాకి ఆ డిటెక్టర్ని అన్న కాలి మీదుగా పోనిస్తే అది వింతగా కూసింది. మూలుగులా మొదలై, బారుగా సాగి, చివర పుటుక్కున తెగే కూత. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. ఆ కూత ఆమె చెవిలో అలాగే ఉండిపోయింది.

నీళ్ళలోకి దిగి వెతుకుదామని ఆమె అడిగితే మరిది తటపటాయించాడు. కింద పళ్ళెంలా ఉండే ఆ కాయిలే డిటెక్టర్‌కి ప్రాణం. నత్తగుల్లలకు రాసుకుని అరిగిపోతుంది. తొడుగు వేస్తే, ఆ తొడుగుకీ కాయిల్‌కీ మధ్య తడి ఇసుక దూరుతుంది.

"ఇసుక దూరితే కాయిల్ అబద్ధాలాడుతుంది వదినా. లేనిదాన్ని ఉందంటుంది. ఆ పాడు ఆశ నీకెందుకు?" అన్నాడు.

కాయిల్ సంగతి ఆమెకా చెప్పేది! మందపాటి ప్లాస్టిక్ రేకును వేడిచేసి కాయిల్‌కి చర్మంలా అతుక్కునే తొడుగు చేసింది. అంచు చుట్టూ రబ్బరు జిగురు పట్టించి ఆరబెట్టింది. తీగ ఊగితే దొంగ కూతలు వస్తాయని, దాన్ని డిటెక్టర్ కర్రకు బిగించి చుట్టింది. బకెట్ నీళ్ళలో ముంచి, ఇసుకలో పొర్లించి చూసింది. ఎక్కడా కిక్కురుమనలేదు. ఇసుకరేణువు కాదు కదా, దాని తాత కూడా దూరలేడని మరిదికి చూపించింది. ఇక ఇది కూసిందంటే నిజమే కూస్తుంది.

పొద్దువాలుతుండగా, ఆటుకి నీళ్ళు వెనక్కి తగ్గాక ఇద్దరూ దిగారు. గాలి లేదు. కుళ్ళిన నాచు వాసన, దానిలో కలిసి ఎక్కడినుంచో డీజిలు వాసన. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. కింద ఇసుక మెత్తగా, అడుగేస్తే పాదాన్ని మింగి, అయిష్టంగా వదులుతోంది. ఆమె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కాయిల్‌ని ఇసుక మీద అటూ ఇటూ ఊపుతూ నడుస్తోంది. మరిది పార భుజాన వేసుకుని వెనకే వస్తున్నాడు. ఒక మేకు. ఒక డబ్బా మూత. మళ్ళీ నిశ్శబ్దం. సముద్రం మాత్రం దూరంగా, నిద్రలో పళ్ళు నూరుతున్నట్టు నూరుతోంది.

అప్పుడు కూసింది.

మూలుగులా మొదలై... బారుగా సాగి... పుటుక్కున తెగింది.

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి మరిది చెవికి ఆనించింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. వెంటనే తవ్వాడు. తవ్విన ఇసుక తవ్వినట్టే జారిపోతున్నా మోచేతుల దాకా చేతులు దింపి వెతికాడు. ఏమీ లేదు. గుంట మీద కాయిల్ పెడితే కూత లేదు.

పక్కన పెడితే ఉంది. బారెడు దూరంలో, లోతు వైపు.

అక్కడ తవ్వారు. అది ఇంకో బారెడు జరిగింది. ఇనుప ముక్క తగిలించుకున్న పీతేమో అన్నాడు మరిది, తనకే నమ్మకం లేని గొంతుతో. ఆమె తవ్వడం మానేసి నడిచింది. కాయిల్ కింద కూత కూడా నడిచింది. ఆమె ఆగింది. అదీ ఆగింది. ఆమె ఊపిరి బిగబట్టి కాయిల్‌ని ఇసుక మీంచి లేపింది... నీళ్ళలోంచి లేపింది... నడుం ఎత్తుకు తెచ్చింది.

కూత తగ్గాలి. తగ్గలేదు.

కింద కాదు. ఎదురుగా ఉంది.

"నువ్వేనా?" అంది ఆమె, పెదవులు కదిలీ కదలకుండా.

కూత తెగిపోయింది. మరుక్షణం కాయిల్ బరువెక్కి నీళ్ళలోకి జారింది. ఇసుక దాన్ని పట్టుకుంది. ఆమె లాగింది. కింద నుంచీ లాగుతున్నారు. మరిది వచ్చి కర్ర పట్టుకుని బలమంతా పెడితే, చప్పున ఊడి ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. కాయిల్ వచ్చింది. తొడుగు లేదు. చిరిగిన ముక్క ఒక్కటీ మిగల్లేదు. కాయిల్ అంచున జిగురు పొర చక్కగా ఒలిచినట్టు ఉంది.

మరిది దాన్ని చేత్తో తడిమి చూసి, "ఎవరో గోటితో విప్పారు" అని గొణిగాడు.

పోటు మొదలైంది. పారను అక్కడే వదిలేసి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పరుగున ఒడ్డెక్కారు.

దీపాలు పెట్టే వేళకి ఇంట్లో పడ్డారు. అత్తగారు లోపలి గదిలో మంచం మీద ఉంది. దీపం పెట్టుకోకుండా చీకట్లోనే పడుకుంది. ఎంత భయంలోనూ చేతులు పని మరచిపోవు. ఆమె మంచినీళ్ళతో కాయిల్‌ని కడిగి, తుడిచి, వాకిలి తలుపు పక్కన గోడకు ఆనించింది. ఉప్పునీళ్ళకి పాడైందేమో తెలియాలని కూత బయటికే వినపడేలా హెడ్‌ఫోన్స్ పీకేసి మీట నొక్కింది. చప్పుడు లేదు. మరిది ఊపిరి వదిలాడు. అంతా మన భ్రమ అనబోయాడు.

కూసింది.

చిన్నగా, ఏదో వాకిలి బయట ఉన్నట్టు. తర్వాత దగ్గరగా. మూలిగి, సాగి, వాళ్ళిద్దరి ముందునుంచే లోపలి గది వైపు పోయి తెగింది. గుమ్మంలో ఎవరూ లేరు. నేల పొడిగానే ఉంది.

"వచ్చావా నాన్నా" అంది లోపల్నుంచి అత్తగారి గొంతు, ఎంతో తృప్తిగా.

ఆమెకు భయం వేయలేదు. ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఒక్కసారిగా పొంగుకొచ్చింది. లోపలికి అడుగు వేయబోయింది. మరిది ఆమె ముంజేయి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆగు వదినా... ఇంకా అయిపోలేదది."

నిజమే. డిటెక్టర్ మళ్ళీ కూస్తోంది. ఈ కూత వాళ్ళెప్పుడూ విన్నది కాదు. తెంపు లేకుండా, బొంగురుగా, నేలకు ఆనుకుని ఈడ్చుకుంటూ వస్తున్నట్టు... గుమ్మం దాటింది. వాళ్ళ కాళ్ళ పక్కనుంచి... మెల్లగా... లోపలి గదిలోకి పోయింది.

కాసేపు ఏ అలికిడీ లేదు.

తర్వాత అత్తగారు, ఈసారి చాలా చిన్న గొంతుతో అడిగింది.

"నీ కాలు పట్టుకుని వచ్చింది ఎవర్రా?"