నెల నిలవని మందు

"మళ్ళీ నువ్వేనా?" అంది ఎనోరా, తల ఎత్తకుండానే.

"నేనే. నీ ముఖం చూడందే నాకు కాఫీ దిగదు," అన్నాడు టిటువాన్, వానకు తడిసిన కోటు విదిలిస్తూ.

లోరియాన్ రేవుకు దగ్గరలో ఉన్న ఆసుపత్రి అది. టిటువాన్ అక్కడ నర్సు. వెన్నులోకి నొప్పిమందు చుక్కచుక్కగా పంపే చిన్న పంపును రోగి పొట్టలో, చర్మం కింద అమరుస్తారు. అది ఖాళీ కాకముందే సూదితో మందు నింపడం అతని పని. నింపిన మందు ఎన్నాళ్ళు చెడకుండా ఉంటుందో తేల్చడం ల్యాబులో ఎనోరా పని. ఆ పనితో ఆమె ఒళ్ళు హూనమైపోయింది.

"సిరంజిలో నెలంతా నిక్షేపంగా ఉందన్నావుగా, మహాతల్లీ! ఇంకా ఏం పరీక్షలు?"

"సిరంజి ఫ్రిజ్‌లో ఉంది. పంపు ఉండేది మనిషి కడుపులో. కడుపు ఫ్రిజ్జా?"

"నీ గుండె మాత్రం ఫ్రిజ్జే!"

నవ్వొచ్చింది గానీ, నవ్వే ఓపిక లేదు. అతని తొందర ఎవరి కోసమో ఆమెకు తెలుసు. గ్రువా దీవి నుంచి మదాం కెర్వెల్లా, వెన్నులో క్యాన్సర్‌తో, రెండు వారాలకోసారి పడవెక్కి వస్తోంది. మందు నెల నిలిస్తే ఆ అవస్థ సగం తగ్గుతుంది.

ఒంటికుండేంత వేడిలో ల్యాబులో ఉంచిన పంపుల ఫలితం ఆ సాయంత్రం వచ్చింది. ఎనోరా మళ్ళీ పరీక్షించింది. అదే జవాబు. చెబితే టిటువాన్ ఇక ల్యాబు వైపు రాడేమోనని భయమేసింది. అయినా, అతను మళ్ళీ రాగానే చెప్పింది.

"మూడో వారానికే మందు బలం పడిపోతోంది. నెల కుదరదు."

టిటువాన్ కుర్చీలో కూలబడ్డాడు. "ఆవిడకి మొన్నే చెప్పేశాను, ఇక నెలకోసారేనని."

"నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా! నీ మాట నమ్మి నెల ఆగితే, చివర్లో నొప్పికి మెలికలు తిరిగిపోతుంది."

"ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?"

"నేను చెప్తాను. డాక్టరుగారిని అడిగి, మందు పట్టుకుని ఆదివారం మనమే దీవికి వెళ్దాం. ఆవిడ రావడం దేనికి?"

"నీకు పడవ పడదుగా."

"పడకపోతే పడకపోయింది."

అతను ఆమెను కొత్తగా చూశాడు. "ఈ ఒక్క ఆదివారమేనా?"

"ఆవిడ ఉన్నన్నాళ్ళూ."

"ఆ తర్వాతో?"

ఆమె ఎంత అలసిపోయిందంటే, దాచుకునే ఓపిక కూడా లేదు. "నువ్వంటే నాకిష్టం, టిటువాన్. తర్వాత సంగతి నువ్వే చెప్పు."

అతను కుర్చీని ఆమె పక్కకు జరుపుకున్నాడు.

"పడవ ఎనిమిదింటికి," అన్నాడు. "ఏడింటికే మీ గుమ్మంలో ఉంటాను."