నల్లగట్టు కోటలో అతిథి పడకలు

పడమటి మంచుమైదానం మీద సూర్యుడు చతురస్రంగా ఎర్రబడి దిగుతున్న వేళ, నల్లగట్టు కోట నాలుగు బురుజుల మీదా దివిటీలు వెలిగాయి. ఉడుకుతున్న నిప్పుద్రవం మీద నీళ్లు పోసి, అది చల్లారి గట్టిపడిన నల్లరాతిని దిమ్మె తరువాత దిమ్మెగా తవ్వి తెచ్చి కట్టిన కోట అది. అందులో ఒక్క దిమ్మెను పెకలించాలన్నా వజ్రపు గునపం పట్టి చెయ్యి తీపులెత్తేదాకా కొట్టాలి. గోడల లోపల గోధుమ మళ్లు, గొర్రెల దొడ్లు, కొలిమి, ఎవరు తెచ్చి పెట్టినది ఎవరైనా తీసుకోగల ఉమ్మడి గాదె. మైదానం అవతల, ఉత్తరపు కొండల నీడలోంచి, ఏడుగురు మనుషులు వరుసగా కోట వైపు నడిచి వస్తున్నారు.

ఈ రాజ్యాన్ని భూపటాల్లో వెతకనక్కర్లేదు. ఇది ఒక ఆటలో, ఒక సర్వర్ మీద, దిమ్మెలతో కట్టుకున్న లోకం. ఏలికలూ సేనానులూ వేరువేరు ఊళ్లలో తమ తమ తెరల ముందు కూర్చున్న మనుషులే. రాణి ముప్పమాంబ హన్మకొండలో పళ్ల డాక్టరు. సేనాపతి బాచన తణుకులో ఫిజిక్స్ మాస్టారు. మంత్రి విద్దన బెంగళూరులో ఆడిటరు. ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగరు, చెవిలో వినబడే గొంతులే వారికి పరిచయం. కోటలో ఉన్నంతసేపూ రాజసభ మాటే మాట్లాడాలనీ, నోరు జారినవారు గాదెలో ఒక రొట్టె జరిమానా వెయ్యాలనీ రాణి శాసనం. ఆ గాదెలో రొట్టెలకు ఏనాడూ కొదవ లేదు. బాచన మాత్రం ఇంతవరకు ఒక్క రొట్టె వెయ్యలేదు.

ఆ లోకానికి తనవైన ధర్మాలున్నాయి. చచ్చినవాడు తాను చివరిసారి ఏ పడక మీద పడుకున్నాడో ఆ పడక పక్కనే వట్టి చేతులతో తిరిగి లేస్తాడు. ఆ పడకను ఎవరైనా పీకేసి ఉంటే, ఎక్కడో దూరాన, లోకం మొదలయ్యే ఇసుకతీరాన పడతాడు. నిలబడి ఉన్న మనిషి పేరు అతని తల మీద తెల్లగా వెలుగుతూ గోడల్లోంచి కూడా కనిపిస్తుంది, వంగి ఉంటే కనిపించదు. రాత్రయితే చీకటిలోంచి పిశాచాలు లేస్తాయి. ఆ రాత్రి కన్ను మూసి తెరిచేలోపు గడవాలంటే లోకంలో ఉన్న ప్రతివారూ పడుకోవాలి, ఒక్కరు మేలుకున్నా పూర్తి నిడివి గడిచేదాకా తెల్లవారదు. యుద్ధం ప్రకటించాక ధర్మం మరీ కఠినం. మొదటి చావుకు మనిషి లేస్తాడు, రెండో చావుకు ఆ లోకపు తలుపు అతనికి మూసుకుపోతుంది. ఇంకే పేరుతో వచ్చినా మళ్లీ తెరుచుకోదు.

అందుకే ముప్పమాంబ, బాచనతో కలిసి తొలి దిమ్మె పెట్టిననాడే ఒక ఆచారం పెట్టింది. పొద్దు వాలిన వేళ తలుపు తట్టినవారికి, మిత్రులైనా శత్రువులైనా, పడక ఇవ్వాలి. తెల్లవారగానే ఆ పడకను పీకెయ్యాలి. ఇవ్వడం మర్యాద, పీకడం జాగ్రత్త. మొదట్లో పీకే పని రాణి స్వయంగా చేసేది. రాజ్యం పెరిగాక దాన్ని మంత్రి విద్దనకు అప్పగించి మరిచిపోయింది.

వచ్చినవాడు ఉత్తరసీమ నాయకుడు కాటయ. సంధి మాట్లాడుకుందామన్నాడు.

"మహారాణీ, ఇంత కోటలో పట్టుమని పదిమంది లేరు. మనుషులకన్నా గొర్రెలే ఎక్కువ. మాకూ సగం ఇస్తే కోట నిండుగా ఉంటుంది."

"గొర్రెలు కూడా గోడ కట్టలేదు కాటయా, అందుకే వాటికీ భాగం లేదు" అంది ముప్పమాంబ. "ఒక ఏడు మాతో రాళ్లు మొయ్యి. అప్పుడు నువ్వడగకుండానే ఇస్తాను."

"రాళ్లు మోసే ఓపికే ఉంటే మేమే ఒక కోట కట్టుకుందుము."

"మరి ఆ మాట ఇంత మంచులో నడిచి వచ్చి చెప్పాలా?" అన్నాడు బాచన. సభ నవ్వింది. కాటయ కూడా నవ్వాడు. మంత్రి విద్దన మాత్రం కిటికీలోంచి పొద్దు వైపు చూస్తున్నాడు.

పొద్దు వాలింది. ఆచారం ప్రకారం పడమటి గోడనానుకుని ఉన్న అతిథిశాలలో ఏడు పడకలు పరిచారు. బాచన తన పడక కూడా భుజాన వేసుకొచ్చి వాళ్ల మధ్య పరిచాడు. "అతిథులకు తోడు ఉండడం సేనాపతి ధర్మం" అని మర్యాదగా చెప్పాడుగాని, అది కావలి అని అందరికీ తెలుసు. అందరూ పడుకున్నాక, ఎప్పటిలాగే చివరగా అతని గొంతు వినిపించింది.

"సేనాపతి పడక చేరాడు. ఇక తెల్లవారవచ్చు."

తెల్లవారింది. మంత్రి సాగనంపగా కాటయ మనుషులు కోట ద్వారం దాటి మైదానంలోకి వెళ్లారో లేదో, ఆకాశమంతా పరుచుకునేలా ఎర్రటి అక్షరాలు వెలిశాయి. ఉత్తరసీమ నల్లగట్టు మీద యుద్ధం ప్రకటించింది.

బాచన తన పడక సంగతి మంత్రికి వదిలేసి ద్వారం వైపు పరుగెత్తాడు. కాసేపటికి విద్దన సభకు వచ్చి చేతులు జోడించాడు.

"దేవీ, అతిథుల పడకలన్నీ నేనే పీకేశాను. అతిథిశాల పడమటి గోడకు బలహీనమైన చోటు గనక, నేల నుంచి కప్పు దాకా నల్లరాతితో నేనే నింపేశాను. ఇక అటు నుంచి భయం లేదు."

రాణి వెళ్లి చూసింది. నిన్న గుమ్మం ఉన్న చోట నున్నని నల్లగోడ. "బాగా చేశావు" అని వెనుదిరిగింది.

ముట్టడి మొదలైంది. శత్రువులు పడుకోరు గనక రాత్రులు పూర్తి నిడివిన సాగాయి. కోటలో ఎవరూ పడక ముట్టలేదు. నిద్రలేని తలల మీద రెక్కల పిశాచాలు తిరగసాగాయి. బాచన ద్వారం ముందరి సన్నని వంతెన మీద నిలిచి, వచ్చినవాణ్ణి వచ్చినట్టు వెనక్కి తరిమాడు. అతని కవచం అంచులు అరిగిపోయాయి.

ఒక ఉదయం, మంచు కురుస్తుండగా, వంతెన మీదికి ఒక్కడే వచ్చాడు. కవచం లేదు, కత్తి లేదు. అతిథిశాలలో పడుకున్న ఏడుగురిలో ఒకడని బాచన గుర్తుపట్టాడు.

"ఏమోయ్, ఆయుధం ఇంటి దగ్గర మరిచావా?"

"నీ దగ్గర ఉందిగా సేనాపతీ" అన్నాడు వాడు. అంటూనే నేరుగా పరుగెత్తుకొచ్చి బాచన కత్తికి ఎదురుపడ్డాడు. చస్తూ నవ్వాడు. వెనకాలే రెండోవాడు, అతని వెనక మూడోవాడు, ఇద్దరూ వట్టి దేహాలతో, ఇద్దరూ నవ్వుతూనే. యుద్ధంలో మనిషికి ఉన్నవి రెండు ప్రాణాలు. ఒకదాన్ని ఇంత తేలిగ్గా పారెయ్యడం బాచన ఎన్నడూ చూడలేదు. గెలిచినట్టు అనిపించలేదు.

అంతలో కోట లోపల గోధుమ మళ్లు అంటుకున్నాయి.

గాదె ముందు ముగ్గురు శత్రువులు కత్తులతో నిలబడి ఉన్నారు. గోడలో బీట లేదు, ద్వారం గడియ చెదరలేదు. కావలివాళ్లు వాళ్లను పొడిచి చంపేలోపు గాదె సగం కాలింది, పంట అంతా పోయింది. సభలో విద్దన గొంతు పైకి లేచింది.

"దేవీ! గోడ చెక్కు చెదరలేదు. ద్వారం ఒక్కటే దారి, ద్వారం దగ్గర ఉన్నది ఒక్కడే. అతిథిశాలలో ఆ రాత్రి వాళ్ల మధ్య పడక వేసుకున్నదీ అతడే. ఇంకెవరిని అనుమానించమంటారు?"

ముప్పమాంబ కాలిన గాదె ముందుకు వచ్చి చూసింది. తరువాత అడిగింది. "బాచనా, వాళ్లు ఎట్లా వచ్చారు?"

"తెలియదు దేవీ."

"నీ వంతెన దాటి రాలేదా?"

"ఆ ముగ్గురినీ వంతెన మీదే చంపాను. నా చేతులతో."

"చచ్చినవాళ్లు గాదె దగ్గర ఎందుకున్నారు మరి?" అన్నాడు విద్దన. "నువ్వు చంపినవాళ్లు లోపలికొస్తారు, నువ్వు కాపాడిన కోట తగలబడుతుంది. ఇటువంటి సేనాపతి మా అదృష్టం!"

రాణి అతని కోటహక్కు తీసేసింది. ఆ క్షణం నుంచి బాచన ఆ కోటలో తలుపు తియ్యలేడు, దిమ్మె పీకలేడు. యుద్ధం ప్రకటించిన శత్రువుకు పీకే వీలైనా ఉంటుంది, హక్కు పోయినవాడికి అదీ ఉండదు. తాను పెట్టిన గోడలకు తానే పరాయివాడై, అతను వంతెన మీదే ఉండిపోయాడు.

మళ్లీ ఒకడు వచ్చాడు, కవచం లేకుండా. ఈసారి బాచన కత్తి దించేశాడు.

"చంపవేం సేనాపతీ? ధైర్యం చాలదా?"

"నీకు చావాలని ఎందుకుంది?"

వాడు వంతెన అంచు దాకా నడిచి, కింద మరుగుతున్న నిప్పుకందకంలోకి నవ్వుతూ దూకాడు.

బాచనకు అప్పుడు తెలిసింది. వీళ్లకు చావు దారి. చచ్చినవాడు చివరిసారి పడుకున్న చోట లేస్తాడు. ఈ ఏడుగురూ చివరిసారి పడుకున్నది ఎక్కడో అతనికి తెలుసు, వాళ్ల మధ్య తానూ పడుకున్నాడు గనక.

"దేవీ, అతిథిశాలలో పడకలు పీకలేదు" అన్నాడు. "మంత్రి గుమ్మం మాత్రమే మూశాడు. లోపల ఖాళీగా ఉంది. వాళ్లు అక్కడ లేచి, అతను లోపల్నుంచి తవ్వి ఉంచిన సొరంగం గుండా గాదె దగ్గర తేలుతున్నారు. గోడ తవ్వించండి."

"వింటున్నారా?" అన్నాడు విద్దన. "పడమటి గోడను మన చేతులతోనే పగలగొట్టమంటున్నాడు. కాటయ చెయ్యలేని పని మనచేత చేయిస్తాడట!"

మాటకు మాట. బాచన వంతెన మీద నుంచి కోటను ఒకసారి పైనుంచి కింది దాకా చూశాడు. తూర్పు బురుజు కాస్త వంకరగా ఉంటుంది. మొదటి వారం కట్టినది, సరిచేద్దామని ఇద్దరూ అనుకుంటూనే ఉన్నారు.

"మహారాణీ, అతిథిశాల గోడ ముందుకు వెళ్లి నిలబడండి. ఆ రాత్రి తరువాత నేనూ పడుకోలేదు. మంత్రి చెప్పింది నిజమైతే నేను ఇసుకతీరాన పడతాను, నడిచి వచ్చేసరికి మీ యుద్ధం ముగిసి ఉంటుంది. అబద్ధమైతే ఆ గోడ వెనక లేస్తాను. నా పేరు మీకు కనిపిస్తుంది."

"వద్దు" అంది ముప్పమాంబ. "అక్కడ వాళ్లుంటే నీ చేతిలో కత్తి కూడా ఉండదు. అది నీ రెండో ప్రాణం."

"మీరు నమ్మడానికి నా దగ్గర ఇంకేం మిగల్లేదు దేవీ."

కత్తి పక్కన పెట్టి నిప్పుకందకంలోకి దూకాడు. బాచన మరణించాడని ఆకాశాన అక్షరాలు పడ్డాయి.

ముప్పమాంబ నల్లగోడ ముందు నిలబడింది. రాతి మీద ఏమీ లేదు. వెనక విద్దన అడుగు వెనక్కి వేస్తున్న చప్పుడు విన్నది. అప్పుడు, నేల నుంచి కప్పు దాకా రాయేనని తాను నమ్మిన ఆ గోడ నడిబొడ్డున, తెల్లటి అక్షరాలు వెలిగాయి. బాచన.

"ఇక్కడే ఉన్నారు" అన్నాడతను. గొంతు తొందరగా, స్థిమితంగా ఉంది. "నలుగురు. కాటయ కూడా. అతనూ ఇంకో ఇద్దరూ అసలు బయటికే వెళ్లలేదు, వాళ్ల రెండు ప్రాణాలూ అలాగే ఉన్నాయి. అందరూ వంగి కూర్చున్నారు. మంత్రి వీళ్లకు పెట్టెనిండా కత్తులు పెట్టి ఇచ్చాడు."

"హక్కు తిరిగి ఇచ్చాను! పీకు, బాచనా, పీకు!"

పడక పీకడానికి ఆయుధం అక్కర్లేదు, వట్టి చెయ్యి చాలు. గోడ వెనక చెక్క విరిగిన చప్పుడు. మరొకటి. కాటయ అరుపు. "పడకలు! ముందు వాడి చేతులు!" మూడోది. కత్తి దెబ్బ. నాలుగోది. గోడలోని పేరు ఎర్రగా మెరిసి మళ్లీ తెల్లబడింది, పక్కకు జరిగింది, మళ్లీ మెరిసింది. ముప్పమాంబ వజ్రపు గునపంతో కొడుతూనే ఉంది. మొదటి దిమ్మె ఇంకా సగం కూడా పగల్లేదు.

ఏడు చప్పుళ్లయ్యాయి. ఎనిమిదోది అతని సొంత పడక. అదీ విరిగింది.

"అయిపోయినయ్ అక్కా" అన్నాడు బాచన. "ఇంకెవడూ ఇక్కడ లేవడు. ఆచారం మాత్రం మాన్పకు. పీకే పని ఇంకొకళ్లకి ఇవ్వకు. ఉంటా మరి."

గోడ మీద పేరు ఆరిపోయింది. ఆకాశాన అక్షరాలు పడ్డాయి, ఆ వెంటనే ఇంకో వరుస. లోకపు తలుపు అతనికి మూసుకుంది.

తరువాతి పని కష్టమేమీ కాలేదు. గాదె దగ్గరి సొరంగానికి కావలివాళ్లు రాళ్లు అడ్డం పెట్టారు. కాటయా అతని ముగ్గురు మనుషులూ తిరిగి లేచే పడకలు లేక, బయటికి దారి లేక, ఆ మూసిన శాలలో చిక్కుకున్నారు. గోడా కప్పూ పగిలాక ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు. వట్టి చేతులతో ఎక్కడో ఇసుకతీరాన పడిన కాటయ మళ్లీ మంచుమైదానం దాకా నడిచి రాలేదు. నాయకుడు లేని గుడారాలు పొద్దు వాలకముందే లేచిపోయాయి.

విద్దన గాదె మూల నిలబడి ఉన్నాడు.

"కాటయ నిన్ను రాజును చేస్తానన్నాడా?" అని అడిగింది ముప్పమాంబ.

"లేదక్కా, అది కాదు, నేను చెప్పేది కాస్త విను..."

"నోరు జారావు. రొట్టె వేసి పో."

అతను రొట్టె వేశాడు. హక్కు తీసి, పేరు చెరిపి, ద్వారం బయటికి పంపింది. అతను వెళ్లాక తన సంచిలోంచి ఇంకో రొట్టె తీసి బాచన పేరిట గాదెలో వేసింది. శాసనం శాసనమే.

ఆ సాయంత్రం, పొద్దు చతురస్రంగా ఎర్రబడుతుండగా, ఎవరో తలుపు తట్టారు. ఒక్కడే మనిషి, ఇంతకుముందు ఎవరూ వినని పేరు. కావలివాళ్లు రాణి వైపు చూశారు. మైదానంలో పిశాచాలు అప్పుడే కదులుతున్నాయి.

"ఎవరయ్యా నువ్వు?"

"దారి తప్పాను. ఈ కోటలో పడక ఇస్తారని విన్నాను."

"ఎవరు చెప్పారు?"

"అందరూ చెబుతారమ్మా."

ఆమె తలుపు తీసింది. కూలిన అతిథిశాలలో, కప్పులోంచి నక్షత్రాలు కనబడే చోట, అతనికొక పడక పరిచింది. కాస్త ఎడంగా తనకూ ఒకటి పరుచుకుంది, తెల్లవారగానే తన చేత్తోనే పీకడానికి. కోటలో ఒక్కొక్కరే పడుకున్నారు. చివర వినబడే గొంతు కోసం అందరూ అలవాటుగా ఆగారు.

కొత్తవాడు ఇంకా కూర్చునే ఉన్నాడు. ఆమె వైపే చూస్తున్నాడు.

"మీరు ముందు పడుకోండమ్మా" అన్నాడు.

ముప్పమాంబ చెయ్యి కత్తి పిడి మీదికి వెళ్లి, అక్కడే కాసేపు ఆగింది. గోడ అవతల ఏదో గోకుతోంది. ఒక్కరు మేలుకున్నా ఆ లోకంలో తెల్లవారదు.

పడుకుంది.