చెవి అందిన చెయ్యి

ఆ పొద్దున బెల్లంపల్లి గని కాలనీలో అందరికంటే ముందే లేచింది శంకరవ్వ. బొగ్గుల కుంపటి రాజేసి, బిడ్డ దారిలో తినడానికి జొన్నరొట్టెలు కాల్చి, ఉల్లిగడ్డ కారం నూరి మూట కట్టింది. తొమ్మిది గంటల రైలుకు నర్మద హైదరాబాదు పోతోంది. జిల్లా బాలికల వాలీబాల్ జట్టులో ఎగిరి బంతిని కొట్టే షూటర్ మరి! ఆ కాలనీ ఆడపిల్ల ఆటకోసం రైలెక్కడం అదే మొదటిసారి.

నర్మద గడపలో కూర్చుని, రాత్రి పాళీ చేసి వచ్చిన తండ్రి రాయమల్లుకు పదోసారి చెబుతోంది.

"హైదరాబాదుల రాష్ట్రం జట్టుకు ఏరుకుంటరు బాపూ. అన్ని రాష్ట్రాల జట్లు కొట్లాడితే అండ్లకెళ్లి దేశం జట్టును తీస్తరు."

"గప్పుడు పరదేశం పోతవా?"

"ఏడికి? ముందుగాల ఆసియా దేశాలతోని గెలువాలె. గెలిచినోళ్లకే దునియా పోటీల జాగ."

"గన్ని మెట్లా!" అని రాయమల్లు మసి ముఖంతోనే నవ్వాడు.

అంతలో డ్రిల్లు మాస్టారు అంబదాస్ వచ్చాడు. స్టేషన్లో ఉండాల్సిన మనిషి ఇంటికి ఎందుకొచ్చాడోనని శంకరవ్వ మూట పక్కన పెట్టి లేచింది.

"చెప్పుటానికి నోరు వస్తలేదు శంకరవ్వా. ఈసారి హైదరాబాదుల బడి సర్టిఫికెట్ చూస్తరట. పదిహేడు దాటిన పిల్ల ఒక్కతున్నా జట్టు మొత్తాన్ని తీసేస్తరు. మన నర్మదకు పద్దెనిమిది నడుస్తున్నయి."

"నాకు పదహారే సార్!" నర్మద ఉలిక్కిపడి లేచింది.

"కాయిదంల పోలీస్ యాక్షన్ ఏడాది, నలభై ఎనిమిదిల పుట్టినట్టున్నది తల్లీ. నీ జాగల, జట్టుల అదనంగ ఉన్న మక్సూదాను తీస్కపోతున్న."

శంకరవ్వ ఉన్న చోటనే కూలబడి మాస్టారి కాళ్లు పట్టుకుంది.

"తప్పు రాసిండ్రు సారూ! జర దిద్దుండ్రి. మీకు పుణ్యముంటది."

"లే అమ్మా. రిజిస్టర్ల అంకె దిద్దుడు నాతోని కాదు. కచ్చేరికి పోవాలె, నెలలు పడుతది. రైలేమో ఇంకో గంటల ఉన్నది."

"గట్లెట్ల రాసిండ్రు? ఎవ్వలు రాయించిండ్రు?" నర్మద నిలదీసింది.

ఎవరు రాయించారో శంకరవ్వకు తెలియదా? పన్నెండేళ్ల కింద ఆమే బిడ్డను చంకనేసుకుని బడికి పోయింది. పుట్టిన తేదీలు రాసిపెట్టుకునే ఇళ్లా అవి? కుడి చెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకుంటే బడి ఈడు వచ్చినట్టు. నర్మదకు నాలుగే. చేతులు మాత్రం పుట్టుకతోనే పొడుగు. అయినా వేలెడు తక్కువైతే, పంతులు అటు తిరగ్గానే శంకరవ్వ బిడ్డ తల వంచి, చెయ్యి గుంజి చెవిని అందించింది. పంతులు ఆరేళ్లని రాసుకున్నాడు.

ఆ మాటే ఏడుస్తూ చెప్పింది. నర్మద తల్లిని నమ్మలేనట్టు చూసింది.

"గంత తొందరేమొచ్చిందవ్వా నీకు? నన్ను ఎవ్వలకో అప్పజెప్పి కూలికి పోవాలె, గంతేనా? నా బతుకు మీద మన్ను పోసినవ్ కదనే!"

"నర్మదా! అవ్వను అనకు!" రాయమల్లు అరిచాడు. తర్వాత అతని గొంతు దిగిపోయింది. "చెప్పు శంకరీ. ఇగ దాచవెట్టుడు ఎందుకు?"

శంకరవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కొంగు తీసి చెప్పింది.

"నీకంటే ముందు ఒక బిడ్డ ఉండె. మూడేండ్లది. మీ బాపు గనిల, నేను గని మీద మన్ను మోసుడు. తలుపుకు తాడు కట్టి పోయిన. తాడెట్ల ఊడిందో ఏమో... గని నీళ్లు పోయే కాలువల దొరికింది. నువ్వు పుట్టినంక నిన్ను ఇంట్ల ఒక్కదాన్ని ఇడిసిపెట్ట చేతులు రాలే బిడ్డా. బడిల అయితే నలుగురు పిల్లలుంటరు, పంతులుంటడు, మాపటిదాకా నువ్వు పానంతోని ఉంటవనుకున్న."

అంబదాస్ చేతిలోని కాగితాన్ని మడతపెట్టుకున్నాడు.

"రేపటేడు పెద్దోళ్ల జట్టుకు రా తల్లీ. అండ్ల వయసు అడగరు. పెద్ద పెద్ద ఆడోళ్లతోని ఆడుడు కష్టమే, అయినా రా," అన్నాడు. ఆ మాట మీద అతనికే నమ్మకం ఉన్నట్టు లేదు.

నర్మద కళ్లు తుడుచుకుంది. "మక్సూదా ఎడమదిక్కు బాలుకు జర ఎనుకవడుతది సార్. పక్కన గట్టి పిల్లను నిలబెట్టుండ్రి," అని మాత్రం అన్నది.

మాస్టారు వెళ్లిపోయాడు. కాసేపటికి రైలు కూత వేసింది. ఆ కూత దూరమైపోయేదాకా నర్మద దోసిట్లో ముఖం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. దగ్గరికి పోయి తల నిమరడానికి శంకరవ్వకు ధైర్యం చాలలేదు. బిడ్డ ఇక తనను అవ్వా అని పిలవదనే అనుకుంది.

చివరికి నర్మదే లేచి, వచ్చి తల్లి పక్కన ఆనుకుని కూర్చుంది.

"అవ్వా, అక్క పేరేంది?"

ఆ ఇంట్లో అన్నేళ్లుగా ఎవరూ పలకని పేరది. శంకరవ్వ బిడ్డ దిక్కు తిరిగింది.

"కిష్టవ్వ," అంది.

"మల్ల చెప్పవ్వా."

శంకరవ్వ మళ్లీ చెప్పింది. ఈసారి గట్టిగా ఏడుస్తూ, బిడ్డను రెండు చేతులా పట్టుకుని చెప్పింది.