మిట్ట మీద జీపు

కల్లూరులో షేర్ ఆటోలు ఆగే మలుపు దగ్గర, ఎరువుల కొట్టు మీది గదిలో ఉంటుంది ప్రైవేటు డిటెక్టివ్ జ్ఞానరాజు ఆఫీసు. వచ్చేవి ఎక్కువగా పెళ్లి సంబంధాల వాకబులే. ఆ ఉదయం వచ్చిన ముసలావిడ మాత్రం కుర్చీ చూపించినా కూర్చోలేదు. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే తలుపు పట్టుకుని మొదలుపెట్టింది.

“పెద్దోన్ని మట్టిలో పెట్టొచ్చినా సారూ. చిన్నోన్ని పోలీసోళ్లు పట్టకపోయినారు. వాడే అన్నను సంపినాడంటాండారు. వాడు సంపలేదని మీరు చెప్పాల.”

“చంపలేదని తేలితే చెబుతానమ్మా. చంపాడని తేలినా చెబుతాను.”

“ఏది తేలినా నాకు దాయొద్దు సారూ. మాటియ్యండి.”

జ్ఞానరాజు మాట ఇచ్చాడు. అంత తేలిగ్గా ఇచ్చి ఉండకూడదని సాయంత్రానికి గానీ ఆయనకు తెలియలేదు.

అసిస్టెంటు శ్రావణి మంచినీళ్లిచ్చి, మెల్లగా సంగతంతా రాబట్టింది. ఆమె పేరు విశ్వాసమ్మ. బనగానపల్లె అవతల వాళ్లకో చిన్న మామిడితోట, అందులో పాడుబడిన ఇల్లు, ఇంటి పక్క మిట్ట మీద భర్త దాసన్న వదిలిపోయిన జీపు. దాసన్న పోయాక ఆ తోట ముఖం చూసినవాళ్లు లేరు. ఈ ఏడు పెద్దకొడుకు యేసుప్రసాద్ బండల గనిలో పని మానుకుని, తోట బాగుచేసి జీపు తిరిగి నడుపుతానని పట్టుబట్టాడు. క్రిస్మస్ నాటికి జీపులో అమ్మను గుడికి తీసుకుపోవాలని వాడి ఆశ. చిన్నవాడు క్రాంతి కుమార్ మాత్రం దాన్ని పాత ఇనుము కింద ఇచ్చేద్దామన్నాడు. మాటా మాటా పెరిగింది. నోరా, వీపుకు తేకే అంటారు. “ఆ జీపు కిందనే సస్తావు పో!” అని చిన్నవాడు ఊరంతా వినేలా అరిచాడు. మరునాడు అన్న ఆ జీపు కిందే చచ్చిపోయాడు.

“రేపు కోర్టులో పెడతారంట సారూ,” అంది విశ్వాసమ్మ. “నాకు మిగిలింది వాడొక్కడే.”

మధ్యాహ్నానికి ముగ్గురూ తోట చేరారు. తుమ్మకంప కొట్టి కుప్పేశారు. ఇంటి గోడలకు కొత్త సున్నం. వాకిలి నుంచి గేటు దాకా బాటకు రెండు పక్కలా రాళ్లు పేర్చి, వాటికీ సున్నం కొట్టారు. పండగకు ముస్తాబైన ఇల్లు అలా ఎవరూ లేకుండా ఎండలో వెలిగిపోతుంటే శ్రావణికి చూడబుద్ధి కాలేదు. జీపు మిట్ట దిగువన వేపచెట్టుకు మూతి ఆనించి ఉంది.

ఎస్సై హనుమేష్ ఆదోని వైపు మనిషి. మర్యాదగానే మాట్లాడాడు, కానీ కేసు తేలిపోయిందన్న ధీమాతో ఉన్నాడు.

“చూడండి సార్. గేరులో ఉండాది. హ్యాండ్ బ్రేకు లాగుండాది. రెండూ ఉన్న బండి దానంతట అది ఎట్ల దొర్లుతాది? ఎవడో ఎక్కి రెండూ తీసినాడు. పనయినాక మళ్లీ పెట్టినాడు. ఆ టైములో తోటలో ఉన్నోడు తమ్ముడొక్కడే.”

“అతనేమంటాడు?”

“అదే సార్ విచిత్రం. అవునంటలేడు, కాదంటలేడు. నోరు తెరిస్తే గదా!”

జ్ఞానరాజు మిట్ట ఎక్కాడు. అక్కడ ఇంజను నుంచి వెనక చక్రాలకు తిరిగే బలం అందించే పొడవాటి షాఫ్టు నేల మీద పడి ఉంది. పక్కనే ఒక నూనె డబ్బా మూతలో దాని బోల్టులు శుభ్రంగా తుడిచి పేర్చి ఉన్నాయి. ముందు చక్రం నిలిచిన చోట మట్టిలో అరచందమామ ఆకారంలో లోతు లేని గుంట ఒకటి ఉంది. చుట్టూ గడ్డి పీకేశారు. గుంటలో మాత్రం ఎండ తగలని పాలిపోయిన వేళ్లు. ఆయన దాని మీద అరచెయ్యి పరిచి కొలత చూశాడు.

“ఈ బండిని మిట్ట మీదే ఎందుకు నిలిపేవాళ్లమ్మా?”

“సెల్ఫు ఎప్పుడో పోయినాది సారూ. మా ఆయన దిగుడుకు మూతి పెట్టి నిలిపేటోడు. వదిలేస్తే దొర్లతా స్టార్టయ్యేది. ఈ పక్క పాత బండ్లోళ్లంతా అట్లనే.”

యేసుప్రసాద్ భార్య కృపారాణి ఇంటి అరుగు మీద గోడకు ఆనుకుని ఉంది. ఆమె కళ్లలో నీళ్లు అయిపోయి కోపం మిగిలింది.

“మీరు వచ్చేసరికి ఏం చూశారమ్మా?”

“అన్నం క్యారియర్ తీసుకోని వచ్చినా సారూ. ఆయన జీపు ఎనక పడుండాడు. మా మరిది బకెట్టు కాడ నిలబడుకోనుండాడు. సేతులకు సున్నం, సొక్కాకు సున్నం. అన్న సచ్చి పడుంటే సున్నం బకెట్టు కాడ ఏం పని సారూ? సంపి సేతులు కడుక్కుంటాండాడు!”

“సున్నం కొట్టే పని మీ మరిదిదేనా?”

“మా మరిది పుట్టి బుద్ధెరిగి బ్రష్షు పట్టలేదు. ముందు రోజు ఈ పనంతా మా అత్తదే. గడ్డి పీకడం, రాళ్లు పేర్చడం, అన్నీ.”

బాట పక్కన శ్రావణి విశ్వాసమ్మతో నడుస్తోంది. రాళ్లన్నీ గని నుంచి తెచ్చిన పలచటి నాపబండ ముక్కలే. సున్నం ఒక్క పూతే కాబట్టి లోపలి నలుపు కనిపిస్తూనే ఉంది. గేటు దగ్గర చివరి రాయి ఒక్కటే లావుగా, గుండ్రంగా, సగానికి విరిగి ఉంది. దాని మీద సున్నం మందంగా ముద్దలు కట్టింది. చుట్టూ మట్టి మీద కూడా చుక్కలు పడ్డాయి.

“ఇది మా అత్త ఇసుర్రాయి పాపా,” అంది విశ్వాసమ్మ. ఆ రోజంతటిలో ఆమె ముఖం కాస్త తేటపడింది అప్పుడే. “దీంట్లోనే కొర్రలు ఇసిరేదాన్ని. ఇరిగినాక యాడ పోయిందో తెలీదు. గడ్డి పీకతాంటే దొరికె. గేటు కాడ పెడితే అందంగా ఉంటాదని తెచ్చుకుంటి.”

శ్రావణి వెంటనే వచ్చి చెప్పింది. జ్ఞానరాజు వెళ్లి, ఎవరూ చూడకుండా రాయి విరిగిన అంచున గోటితో గీకాడు. మందపాటి సున్నం పెచ్చు లేచింది. కింద టైరు రబ్బరు నల్లగా అంటుకుపోయి ఉంది.

శ్రావణి ఆయన తెలివికి ఎప్పుడూ ముచ్చటపడేది. ఈసారి ఆమెకు ఏడుపొచ్చింది.

“సార్... చెప్పకుండా ఉండలేమా?”

“చెప్పకపోతే చిన్నవాడు రేపు జైలుకు పోతాడు. చెబితే ఈమె బతికినన్నాళ్లూ ఇందులోనే ఉంటుంది.” జ్ఞానరాజు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. “పేరు లేకుండా చెప్పి చూస్తాను.”

పొద్దు వాలే వేళకు హనుమేష్ క్రాంతి కుమార్‌ని తీసుకొచ్చాడు. కృపారాణి అరుగు మీదే ఉంది, మిగతావాళ్లంతా మిట్ట మీద నిలబడ్డారు. చేతులకు బేడీలున్న ఆ కుర్రవాడు తల్లి వైపు గానీ గేటు వైపు గానీ చూడలేదు.

జ్ఞానరాజు మొదలుపెట్టాడు. “ఎస్సై గారూ, బండి గేరులోనే ఉంది, బ్రేకూ లాగే ఉంది. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. ఈ పాతకాలం జీపులో హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టుకోదు, ఈ షాఫ్టును పట్టుకుంటుంది. గేరూ అంతే. షాఫ్టు ఊడదీస్తే రెండూ ఉన్నా లేనట్టే. యేసుప్రసాద్ కిందికి దూరి షాఫ్టు విప్పాడు. బోల్టులు తుడిచి మూతలో పేర్చింది ఆయనే. షాఫ్టు ఊడి వచ్చిన క్షణాన బండిని పట్టుకునేది ఏదీ లేకపోయింది. దిగుడుకు దొర్లింది. వెనక చక్రం ఆయన మీదుగా పోయింది.”

“షాఫ్టు విప్పితే దొర్లుతాదని తెలీనోడా సార్ వాడు?”

“తెలుసు. అందుకే ఒక రాయిని నమ్మాడు. దాసన్న చక్రానికి అడ్డంగా పెట్టిపోయిన రాయి. పుట్టి పెరిగినప్పటి నుంచీ చూస్తున్న రాయి కదా, ఉందో లేదోనని ఆ రోజు ప్రత్యేకంగా చూడలేదు.” ఆయన గుంట చూపించాడు. “తోట శుభ్రం చేస్తుంటే అది పక్కకు పోయింది. అప్పటికి షాఫ్టు ఉంది కాబట్టి బండి కదల్లేదు, ఎవరికీ అనుమానం రాలేదు. ఇందులో హత్య లేదు.”

“రాయి తీసింది ఎవరు సార్?” హనుమేష్ అడిగాడు. “కావాలని తీసినాడో ఏమో!”

జ్ఞానరాజు ఏదైనా అనేలోపే క్రాంతి కుమార్ మొదటిసారి నోరు విప్పాడు.

“నేనే తీసినా సార్! కావాలనే తీసినా! రాసుకోండి, పోదాం పదండి!”

“తీసి యాడ పెట్టినావు?” అన్నాడు హనుమేష్.

కుర్రవాడు తడబడ్డాడు. విశ్వాసమ్మ మాత్రం ఆ అరచందమామ గుంటనే చూస్తోంది. వంగి, దాని అంచు వెంట వేలితో గీసింది. తర్వాత గేటు వైపు చూసింది.

“నువ్వు యాడ తీసినావురా,” అంది మెల్లగా. “నేను గదా తీసింది.”

“అమ్మా, నువ్వు ఊరుకో!”

“గడ్డిలో ఈడనే గదా దొరికింది నాకు. మా అత్త రాయని మురిసిపోతి.” ఆమె జ్ఞానరాజు వైపు తిరిగింది. “సారూ, దాయనని మాటిచ్చినారు.”

జ్ఞానరాజు తల దించుకుని మిగిలింది చెప్పాడు. “మీరేనమ్మా. తెలియక. మీ చిన్నవాడు ముందుగా వచ్చి, అన్న పోయాడని చూసి, రాయి కోసం వెతికాడు. అది గేటు దగ్గర కనిపించింది. మీ పూత కింద టైరు మచ్చ కనబడుతుంటే, మీ కంట పడకూడదని దాని మీద మళ్లీ సున్నం పూశాడు. చేతులకంటింది ఆ సున్నమే. ఇంతవరకూ నోరు మెదపనిది మీ కోసమే.”

కృపారాణి అరుగు మీంచి లేచింది. మరిది మీద నింద వేసినందుకు అతని ముందు చేతులు జోడించింది. హనుమేష్ బేడీలు విప్పి, ప్రమాదమనే రాస్తానని, ఎవరి మీదా కేసుండదని చెప్పాడు.

“ఎందుకు సార్ చెప్పినారు?” క్రాంతి కుమార్ జ్ఞానరాజు చొక్కా పట్టుకున్నాడు. “నాకు జైలే బాగుండె గదా సార్!”

కొడుకును విడిపించమన్న తల్లికి జ్ఞానరాజు కొడుకును విడిపించి ఇచ్చాడు. చేసిన మేలు అంతే.

విశ్వాసమ్మ ఏడవలేదు. గేటు దగ్గరికి నడిచి, ఆ రాయిని రెండు చేతులతో ఎత్తుకుంది. శ్రావణి సాయం పోబోతే వద్దన్నట్టు తల ఊపింది. చీరకంతా సున్నం అంటుకుంటుండగా మిట్ట దిగువకు మోసుకుపోయి, వేపచెట్టుకు ఆనుకున్న జీపు ముందు చక్రానికి అడ్డంగా పెట్టింది. గట్టిగా ఉందో లేదోనని కాలితో తన్ని చూసింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, ఖాళీగా ఉన్న జీపు కిందికి తొంగి చూసింది.

“రాయి పెట్టినా నాయనా,” అంది. “ఇంక దూరుపో.”

క్రాంతి కుమార్ వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.